ఘాట్ రోడ్డు మీద పాత జీపు



వానలు వెనకపట్టాయి. కార్తీకం వచ్చిందంటే మా నర్సీపట్నంలో తెల్లారకముందే బండ్ల సందడి మొదలవుతుంది. లమ్మసింగి మంచు చూద్దామని బయల్దేరినవాళ్లలో చాలామంది మా ఊరి మీదుగానే కొండెక్కుతారు. వాళ్ల కొత్త కార్ల మధ్య అక్కడక్కడా ఓ పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కనిపిస్తుంది. ముందు ఇనప బంపరు, నెత్తిన బారెడు ఎల్‌ఈడీ లైటు, గుమ్మటాల్లాంటి పెద్ద టైర్లు. కుర్రవాళ్లు ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ దగ్గరికెళ్లి కిందికి వంగి చూస్తే వెనక హౌసింగ్ నుంచి ఆయిల్ కారుతుంటుంది, జాయింట్ క్రాసుల్లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. అలాంటి బండ్ల గురించి, వాటికి ఏం తగిలించాలి, ఏం తగిలించకూడదు, అంతకంటే ముందు ఏం బాగుచేసుకోవాలి అన్న దాని గురించి ఈ పూట మాట్లాడతాను.

మన్యానికీ జీపుకీ ఉన్న అనుబంధం చిన్నది కాదు. ఈ కొండల్లోకి రోడ్డన్నది తేలిగ్గా రాలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత సరైన కూలి ఇవ్వకుండా రోడ్డు పనులు చేయించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడడానికి దారితీసిన కారణాల్లో ఆ కసి కూడా ఒకటి. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికాలో 1941 నుంచి పెద్దఎత్తున తయారైన విల్లీస్ జీపును మన దేశంలో మహీంద్రా వారు 1947లో విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఏజెన్సీలో ఫారెస్టు వాళ్లకీ, పోలీసులకీ, డాక్టర్లకీ, సంతకు పోయే జనానికీ జీపే దిక్కు. పసుపు, మిరియాలు, కాఫీ గింజలు దిగింది జీపుల్లోనే. ఉప్పు, బట్టలు ఎక్కింది జీపుల్లోనే. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. ఫ్రాన్సు ప్యూజో కంపెనీ డిజైను చేసిన 2,112 సీసీ డీజిల్ ఇంజనుతో మహీంద్రా ఎంఎం 540 వచ్చింది. 2010లో మొదటి థార్ వచ్చింది. ఇప్పుడు చేతులు మారుతున్న పాత బండ్లలో ఎక్కువ ఇవే. మిలిటరీ డిస్పోజల్‌లో వేలం పాడి తెచ్చుకున్నవీ కొన్ని ఉన్నాయి.

ఇవి ఎంత పాతవైనా చచ్చే బండ్లు కావు. ఛాసీ విడిగా, బాడీ విడిగా ఉంటుంది. ప్రతి భాగాన్నీ విప్పొచ్చు, అరిగింది మార్చి మళ్లీ బిగించొచ్చు. చాలా సామాను విశాఖలో దొరుకుతుంది, అక్కడ లేనిది విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. కానీ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అరవై పైచిలుకు హార్స్‌పవర్ ఇంజనుకీ, ఆ ఇంజను లాగే బరువుకీ లెక్కవేసి పెట్టిన బేరింగులు, బ్రేకులు, వైర్లు అవి. మీరు కొత్తగా ఏది తగిలించినా ఆ పాత భాగాల్లో ఏదో ఒకదానికి పని పెరుగుతుంది. దేనికి పెరుగుతుందో తెలుసుకుని, ముందు దాన్ని గట్టిపరిచి, ఆ తర్వాతే కొత్త సామాను బిగించాలి. నేను చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే.

స్టీరింగ్ సంగతి చూడండి. పాత జీపులు చాలావాటికి నలభై, యాభై స్పీడులో చిన్న గోతిలో పడగానే ముందు చక్రాలు రెండూ గజగజ ఊగిపోతాయి. స్టీరింగ్ చేతిలో నిలవదు. ఓనరు షాపుకెళ్లి స్టీరింగ్ డ్యాంపరు కొనుక్కొస్తాడు. బిగించగానే వణుకు తగ్గుతుంది, సంతోషిస్తాడు. మా ఊరి మేస్త్రి ఒకాయన అలా బిగించిన బండికి ముందు చక్రం జాకీతో లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి చూపించాడు. చక్రం టకటకమని కొట్టుకుంది.

"బేరింగ్ పోయిందా మేస్త్రీ?" అన్నాడు కుర్రాడు.

"ఆగు బాబూ. ముందు నువ్వెళ్లి బ్రేకు తొక్కు" అన్నాడాయన. కుర్రాడు తొక్కాడు. మళ్లీ ఊపితే చక్రం అలాగే కొట్టుకుంది. "బ్రేకు తొక్కినా ఆట పోలేదంటే వీల్ బేరింగ్ కాదిది, కింగ్‌పిన్ బేరింగు. డ్యాంపరు పెట్టి రోగాన్ని దాచావు నువ్వు. లోపల అరుగుతానే ఉంటాది."

ఈ పరీక్ష ప్రతి జీపు ఓనరూ నేర్చుకోవాలి. బ్రేకు తొక్కితే లైనర్లు డ్రమ్మును పట్టేస్తాయి కాబట్టి వీల్ బేరింగులో ఆట ఉంటే అది ఆగిపోతుంది. ఇంకా మిగిలిన ఆట, చక్రం పక్కకు తిరగడానికి ఇరుసులా ఉండే కింగ్‌పిన్‌ది. తర్వాత చక్రాన్ని అటూ ఇటూ పక్కలకు ఊపి టై రాడ్ ఎండ్లు చూడండి. కమాను కట్టల బుష్షులు, షేకిల్ పిన్నులు, యూ బోల్టుల బిగువు చూడండి. టైర్ల బ్యాలెన్సు చూడండి. ఇవన్నీ బాగుంటే వణుకు చాలావరకు తనంతట తనే పోతుంది. అప్పుడు డ్యాంపరు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

పెద్ద టైర్లూ ఇంతే. 215/75 ఆర్ 15 సైజు టైరు ఎత్తు దాదాపు 28 అంగుళాలు. దాని స్థానంలో 31 అంగుళాల టైరు వేస్తే మీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి 66 పైన పోతుంటుంది. అది ఒక ఎత్తు. అసలు నష్టం గేర్ల దగ్గర. చక్రం పెద్దదైన కొద్దీ లాగుడు తగ్గుతుంది. డౌనూరు దాటి ఎత్తు మొదలయ్యాక సెకండ్ గేరులో ఎక్కే చోట ఫస్టు వేయాల్సొస్తుంది, క్లచ్ ప్లేటు వాసన వస్తుంది. వెడల్పు టైరు పట్టడానికని బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేస్తారు. బరువు పడే చోటు బయటికి జరిగేసరికి ఇందాక చెప్పిన కింగ్‌పిన్ మీదా, వీల్ బేరింగుల మీదా భారం పెరుగుతుంది. కంపెనీ చెప్పిన సైజులోనే మంచి పట్టున్న టైరు కొనుక్కోండి. కొనేటప్పుడు పక్క గోడ మీద నాలుగంకెలు చదవండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైందని అర్థం. గట్లు అరగకపోయినా, ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడ్డ టైరు తడి ఘాట్ రోడ్డు మీద జారుతుంది. పాత జీపులు ఎక్కువగా షెడ్డులో ఉంటాయి కాబట్టి ఈ ప్రమాదం వీటికే ఎక్కువ.

ఇప్పుడు నీళ్ల సంగతి. మా వైపు గెడ్డలు, అంటే వాగులు, ఎక్కువ. జీపు కొని వానాకాలంలో గెడ్డలో దింపని కుర్రాడు లేడు. ఎండలో ముప్పై కిలోమీటర్లు నడిచిన బండికి వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. దాన్ని అమాంతం చల్లటి గెడ్డ నీళ్లలో దింపితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. గాలి ఆడడానికి హౌసింగ్ మీద బ్రీదర్ అని చిన్న బొడిపె ఉంటుంది. అది మట్టితో పూడిపోతే హౌసింగ్ సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. బయటికి ఏమీ తెలియదు. బండి నడుస్తూనే ఉంటుంది.

వానలు తగ్గాక ఈ వారంలో ఓ పని చేయండి. బండిని రాత్రంతా ఒకే చోట నిలిపి, పొద్దున్నే హౌసింగ్ కింది డ్రెయిన్ ప్లగ్గు మెల్లగా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి విడిగా నిలిచిన నీరుంటే ముందు అదే కారుతుంది. ఆయిల్‌తో కలిసిపోయి ఉంటే పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. అలా వచ్చిందంటే మొత్తం దించేసి, కడిగి, కొత్త ఆయిల్ పోయాలి. ముందు హౌసింగ్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు కూడా ఇలాగే చూడాలి. ప్లగ్గు కొసకు అంటుకున్న ఇనప రజను వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తటి ముద్దలా ఉంటే మామూలు అరుగుదల. పలుకులు తగిలితే క్రౌన్ పినియన్ విప్పి చూడాల్సిందే. ఇంతా అయ్యాక బ్రీదర్ దగ్గర రబ్బరు ట్యూబు తొడిగి, దాన్ని బాడీ పైభాగం దాకా తెచ్చి కట్టండి. వందల్లో ఖర్చు. నాలుగు చక్రాల బండికి మీరు తగిలించే సామానులో ఇంతకు మించిన విలువైంది మరొకటి లేదని నా నమ్మకం. స్నార్కెల్ అంటారా, అది ఇంజనులోకి నీరు పోకుండా చూస్తుందంతే. దాన్ని పెట్టుకుని హౌసింగుల సంగతి వదిలేస్తే లాభం లేదు.

గెడ్డ దాటిన ప్రతిసారీ జాయింట్ క్రాసులకి, షేకిల్ పిన్నులకి, కింగ్‌పిన్నులకి గ్రీజు కొట్టించాలి. లోపలి పాత గ్రీజు, దాంతో పాటు చేరిన నీరు, ఇసుక బయటికొచ్చేదాకా కొట్టాలి. గెడ్డ ముఖం చూడకపోయినా వెయ్యి కిలోమీటర్లకోసారి కొట్టించండి. ఇంకో మాట, సర్వీసింగులో కిందంతా డీజిలు, వాడేసిన ఇంజనాయిలు పిచికారీ చేయించే అలవాటు మనకుంది. ఇనుముకి తుప్పు పట్టదని చేస్తారు. అది రబ్బరు బుష్షుల్ని, బ్రేకు హోసుల్ని ఉబ్బించి పాడుచేస్తుంది. ఛాసీకి రంగు వేయించుకోవడమే మేలు.

నేను మనస్ఫూర్తిగా పెట్టుకోమనే సామాను ఇంకోటుంది. అవి ముందు చక్రాలకు బిగించే హబ్ లాకులు. చాలా పాత జీపులకి టూ వీల్‌లో నడుస్తున్నా ముందు షాఫ్టులు, ముందు క్రౌను ఊరికే తిరుగుతుంటాయి. హబ్ లాకు విప్పి ఉంచితే అవి తిరగవు, అరగవు, స్టీరింగ్ కాస్త తేలికవుతుంది. అయితే బురద కనపడగానే ముందే దిగి లాకు వేసుకోవాలి, చక్రం సగం దిగబడ్డాక కాదు. నెలకోసారి లాకు వేసి మట్టి రోడ్డు మీద కొద్ది దూరం ఫోర్ వీల్‌లో నడపండి. ముందు హౌసింగ్‌లో ఆయిల్ పైకి చిమ్మి పళ్లూ, బేరింగులూ తడుస్తాయి. తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేయకండి. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. ఆ తేడా సర్దుకోవడానికి పాత జీపుల్లో మధ్య డిఫరెన్షియల్ లేదు. బురదలో చక్రం కొద్దిగా జారి సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసూ, క్రాసులూ మోయాలి.

ఇక లైట్లు. పొగమంచులో లమ్మసింగి మలుపుల్లో ఎదురుగా ఎల్‌ఈడీ బారు లైటు వేసుకొచ్చే బండికి దారిచ్చిన ఏ డ్రైవరునైనా అడగండి. బస్సు డ్రైవరుకి రోడ్డంచు కనపడదు. లైటు వేసుకున్నవాడికీ మేలు లేదు. ఎత్తున ఉన్న తెల్లటి వెలుతురు మంచు మీద పడి తిరిగి అతని కళ్లలోకే కొడుతుంది. మంచుకి కావలసింది బంపరు కింద తగ్గుగా, రోడ్డు మీద వెడల్పుగా పడే ఫాగ్ ల్యాంపులు, వాటితో పాటు నెమ్మదిగా పోయే ఓర్పు. లైట్లు మసకగా ఉన్నాయని బల్బులు మార్చేముందు వైర్లు చూడండి. మామూలు 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల బండిలో 10 యాంపియర్ల కరెంటు పారుతుంది. 100 వాట్లవి పెడితే దాదాపు 17. ముప్పై ఏళ్ల నాటి సన్న వైరు, డ్యాష్ బోర్డు స్విచ్చీ అంత మోయలేవు, వేడెక్కి కాలతాయి. పైగా పాత వైర్లలో, తుప్పు పట్టిన ఎర్తుల్లో వోల్టేజి పదో వంతు పోతే వెలుగులో దాదాపు మూడో వంతు పోతుంది. బ్యాటరీ నుంచి రిలే పెట్టి, ఫ్యూజు పెట్టి, మందమైన వైరు నేరుగా లైట్లకి లాగించండి. ఎర్త్ వైరు బిగించే చోట ఛాసీని గరుకు కాగితంతో గీకి మెరిసేలా శుభ్రం చేయించండి. అదే 60 వాట్ల బల్బు కొత్తదానిలా వెలుగుతుంది.

లమ్మసింగి చలిలో రాత్రి నిలిపిన డీజిల్ జీపు పొద్దున్న స్టార్టు కాకపోతే కొందరు బ్యాటరీ మీద పడతారు. ప్యూజో ఇంజనుకి హీటర్ ప్లగ్గులుంటాయి, నాలుగింటిలో రెండు పోయినా మైదానంలో ఏమీ తెలియదు, కొండ మీద చలికి బయటపడుతుంది. ఎండాకాలంలో వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకించేసినవాళ్లు దాన్ని మళ్లీ పెట్టించండి. ఇంజను తగిన వేడికి రాకుండా ఎంతసేపు తిరిగితే అంత అరుగుతుంది. వేడెక్కే బండికి రేడియేటరు కడిగించాలి, మూత మార్చాలి, ఫ్యాను బెల్టు చూడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. నర్సీపట్నం సముద్రమట్టానికి ఎంతో ఎత్తులో లేదు. లమ్మసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఒకటిన్నర టన్నుల బండి 900 మీటర్లు కిందికి దిగేటప్పుడు పుట్టే శక్తి 40 లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి చాలు. అదంతా ఇంజను ఆపాలి, లేదా బ్రేకు డ్రమ్ములు ఆపాలి. న్యూట్రల్‌లో దిగేవాడికి మొత్తం డ్రమ్ముల మీదే. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక 140కే మరగవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు, పెడలు తొక్కితే నేల దాకా పోతుంది. అందుకే రెండేళ్లకోసారి బ్రేకు ఆయిల్ మొత్తం మార్చించండి. ఎక్కిన గేరులోనే దిగండి. నెత్తిన క్యారియరు, ముందు ఇనప బంపరు, వెనక రెండు స్టెప్నీలు అంటూ వంద, నూట యాభై కిలోలు పెంచుకున్నారంటే ఆ బరువు దిగేటప్పుడు ఈ డ్రమ్ముల మీదే పడుతుందని గుర్తుపెట్టుకోండి. నెత్తి మీద బరువైతే మలుపులో బండిని పక్కకు లాగుతుంది కూడా.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. ముందు బిగించే క్రాష్ గార్డులు ఈ సెక్షనుకి విరుద్ధమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. సొంత బండికి 15 ఏళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి తీసుకెళ్లాలి కదా, అక్కడ ఇవన్నీ చూస్తారు. టూ వీల్ జీపుకి ముందు హౌసింగ్ తగిలించి ఫోర్ వీల్ చేసి అమ్మే బండ్లున్నాయి. కొనేముందు ఛాసీ నంబరు, ఇంజను నంబరు, ఆర్‌సీ మూడూ పోల్చుకోండి. ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పకుండా తగిలించిన సామానుకి క్లెయిము రాదు.

ఇక దిగబడ్డ బండిని లాగడం గురించి. వించ్ అందరికీ అవసరం లేదు. గట్టి నైలాన్ తాడు, రెండు షేకిళ్లు, పార, రెండు చెక్కపలకలు ఉంటే మన దారులకు చాలావరకు చాలు. లాగే హుక్కు మాత్రం ఛాసీకి బోల్టులతో బిగించి ఉండాలి. బంపరుకి తాడు కట్టి లాగకండి, అది ఊడి ఎగిరొస్తే మనిషి దక్కడు. తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేయండి, తెగినా జోరు తగ్గుతుంది. చుట్టూ చేరిన పిల్లల్ని దూరం పంపాకే లాగండి.

కింగ్‌పిన్ కింద ఎన్ని షిమ్ములు వేయాలో, క్రౌను పినియన్ ఎంత సందుతో కూర్చోవాలో చేతి వేళ్లతో చెప్పగలిగే మేస్త్రులు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు తగ్గిపోతున్నారు. మీ బండి పని జరిగేటప్పుడు పక్కన నిలబడి చూడండి, అడగండి. ఓ నోటు పుస్తకం పెట్టుకుని తేదీ, మీటరు రీడింగు, ఏ భాగం మార్చారు, దాని నంబరెంత, ఎన్ని షిమ్ములు తీశారు, ఏ ఆయిల్ ఎంత పోశారు, అన్నీ రాయండి. కొత్తగా లాగిన వైర్లకి బొమ్మ గీసి, ఏ రంగు వైరు ఎక్కడికి పోయిందో పక్కనే రాయండి. రేపు ఆ జీపు అమ్మితే ఆర్‌సీతో పాటు ఆ పుస్తకం కూడా కొన్నాయన చేతికివ్వండి.